తెల్లగా ఉన్నదల్లా కొంగేనా? చెరువు కట్ట మీద పక్షుల్ని గుర్తుపట్టడం గురించి

మీ ప్రశ్నని క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను, చదివేవాళ్ళకి సందర్భం తెలుస్తుంది. మీది కావలి దగ్గర పల్లె. రోజూ పొద్దున్నే చెరువు కట్ట మీద నడుస్తారు, ఇంటర్ చదివే మీ అబ్బాయి కూడా వస్తాడు. ఇద్దరికీ పక్షుల మీద ఆసక్తి కలిగింది గానీ తెల్లవన్నీ కొంగల్లాగే, నల్లవన్నీ నీటికాకుల్లాగే కనిపిస్తున్నాయి. జూమ్ ఉన్న కెమెరా కొనాలా, ఫోన్‌లో యాప్ సరిపోతుందా, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి, మన చుట్టుపక్కల ఎక్కడికి వెళ్తే బాగుంటుంది అని అడిగారు.

సూటిగా చెప్తాను. కెమెరా ఇప్పుడే వద్దు. ఆ డబ్బులో కొంత పెట్టి ఒక మామూలు బైనాక్యులర్స్ కొనండి, మీ చెరువునే పట్టుకోండి. ఒక ఏడాది పాటు వారానికి ఒకసారైనా అదే కట్ట మీద, అదే దారిలో, ఏం కనబడిందో రాసుకుంటూ నడవండి. రంగు చూసి పేరు వెతకడం మానేసి ముందు సైజు, ముక్కు, మెడ, కాళ్ళు, తినే పద్ధతి, ఎగిరే తీరు చూడండి. అలా ఒక ఇరవై మామూలు పక్షులు గట్టిగా వచ్చేస్తే కొత్తది కనబడిన రోజు ఇది వాటిలోది కాదని మీకే తెలిసిపోతుంది. ఈ ఇరవై రాకుండా పులికాట్ సరస్సుకి వెళ్ళినా పెద్దగా ఉపయోగం ఉండదు, వేల పక్షుల మధ్య నిలబడి ఏది ఏదో తెలియక తల తిరుగుతుంది.

రంగుని ఎందుకు నమ్మొద్దంటున్నానంటే, అది ఎండని బట్టి మారుతుంది, వయసుని బట్టి మారుతుంది, ఆడదా మగదా అన్నదాన్ని బట్టి, గుడ్లు పెట్టే కాలాన్ని బట్టి మారుతుంది. నన్ను పక్షుల గురించి అడిగేవాళ్ళు ఎక్కువగా పంపే ఫొటో ఏమిటో తెలుసా? గోధుమ రంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, ఎర్రటి కన్ను, పొడుగు తోక, "మా వేపచెట్టు మీద ఎప్పుడూ చూడని పక్షి వాలింది సార్" అని. అది ఆడ కోయిల. నల్లగా ఉండేది, గొంతెత్తి కూసేది మగది కాబట్టి కోయిల అంటే నల్లదే అని అందరి మనసులో పడిపోయింది. ఆడది మన పెరట్లోనే ఉంటుంది, కాకి గూట్లో గుడ్డు పెట్టే పని మీద ఉంటుంది కాబట్టి గుట్టుగా తిరుగుతుంది. రెండో ఫొటో గరుడ పక్షి పిల్లది. పెద్దదానికి తెల్లటి తల, ఇటుక రంగు ఒళ్ళు ఉంటాయి, ఎవరైనా పడతారు. పిల్లది మాత్రం ముదురు గోధుమ రంగులో మామూలు గద్దలాగే ఉంటుంది. అప్పుడు తోక చూడాలి. మామూలు గద్ద తోక చివర చీలినట్టు ఉంటుంది, గరుడ పక్షి తోక గుండ్రంగా ఉంటుంది. రంగు ఎంత మారినా తోక మారదు.

ఇక మీ తెల్ల పక్షుల సంగతి. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన నెల్లూరు, ప్రకాశం చెరువుల్లో సగం పక్షులు ఇవే, ఇవి విడిపోతే మిగతావి సులువవుతాయి.

ముందు ఎగిరేటప్పుడు మెడ చూడండి. మెడని ఎస్ ఆకారంలో వెనక్కి మడుచుకుని ఎగిరితే అది తెల్లకొంగల జాతి, గుడ్డికొంగ, చింతవక్క ఇవన్నీ అదే కుటుంబం. మెడ ముందుకి చాచి ఎగిరితే నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ళ కొంగ, కంకణాలు, తెడ్డుమూతి కొంగ, రాజహంస (ఫ్లెమింగో), వీటిలో ఏదో ఒకటి. గూడబాతు (పెలికాన్) మాత్రం అంత పెద్ద ఒళ్ళు పెట్టుకుని కూడా మెడ వెనక్కే లాక్కుంటుంది. ఈ ఒక్క విషయం పట్టుకుంటే చెరువు అవతలి గట్టు మీద ఎగిరేదాన్ని కూడా సగం తేల్చేయొచ్చు, బైనాక్యులర్స్ కూడా అక్కర్లేదు.

మెడ మడిచే తెల్లవాటిలో మీకు రోజూ కనబడేవి నాలుగు. దమ్ము చేసే ట్రాక్టర్ వెనక, మేస్తున్న గేదెల కాళ్ళ దగ్గర గుంపుగా తిరిగేది సొంటి కొంగ. ముక్కు పొట్టిగా, పసుపుగా ఉంటుంది, మెడ కూడా పొట్టే, గుడ్లు పెట్టే కాలంలో తల మీదా మెడ మీదా నారింజ రంగు వస్తుంది. దానికి చేపల కన్నా మిడతలు ముఖ్యం కాబట్టి నీళ్ళు లేని చోట కూడా ఉంటుంది. చిన్న తెల్లకొంగ ముక్కు నల్లగా, సన్నగా ఉంటుంది, కాళ్ళు నలుపు, పాదాలు మాత్రం పసుపు. బురదలోంచి పాదం పైకి తీసిన క్షణం కోసం ఆగండి, అది కనబడితే ఇక అనుమానం లేదు. నీళ్ళలో అటూ ఇటూ పరిగెత్తి, కాలితో బురద కదిపి చేపల్ని లేపే అలవాటు కూడా దీనిదే. పెద్ద తెల్లకొంగ చాలా ఎత్తుగా ఉంటుంది, మెడకి మధ్యలో విరిగినట్టు ఒక వంపు ఉంటుంది, కదలకుండా చాలాసేపు నిలబడుతుంది. ఈ చిన్నదానికీ పెద్దదానికీ మధ్యలో ఇంకొకటి ఉంది, అసలు తికమక దానితోనే. దాన్ని తేల్చడానికి నోటి గీత చూడాలి. పెద్ద కొంగకి నోటి గీత కన్ను దాటి వెనక్కి వెళ్తుంది, మధ్యరకం కొంగకి కన్ను కిందే ఆగిపోతుంది. ముక్కు రంగుతో తేల్చాలని చూడకండి, పెద్ద కొంగ ముక్కు ఒక కాలంలో పసుపు, గుడ్లు పెట్టే కాలంలో నలుపు.

మెడ చాచేవాటిలో మీ దగ్గర ఎక్కువగా కనిపించేది నత్తగుల్ల కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, ఎదురు వెలుతురులో ఆ సందులోంచి ఆకాశం కనబడుతుంది. వరి మడుల్లో నత్తలే దాని తిండి. తల, మెడ నల్లగా బోడిగా ఉండి ముక్కు కొడవలిలా కిందికి వంగి ఉంటే తెల్ల కంకణం. ముక్కు పసుపుగా, ముఖం నారింజ ఎరుపుగా, వెనక తోక దగ్గర గులాబి రంగు ఈకలు ఉంటే ఎర్రకాళ్ళ కొంగ. ముక్కుని నీళ్ళలో పెట్టి కుడికీ ఎడమకీ ఊపుతూ నడిచేది తెడ్డుమూతి కొంగ, దూరం నుంచి ముక్కు కనిపించకపోయినా ఆ ఊపు చూసి చెప్పేయొచ్చు.

నల్లవాటికి కూడా ఇదే పద్ధతి. మొద్దు మీద కూర్చుని రెక్కలు ఆరబెట్టుకునే నల్ల పక్షి ముక్కు చివర కొక్కెంలా వంగి ఉంటే నీటికాకి. మెడ పాములా సన్నగా పొడుగ్గా ఉండి, ముక్కు సూదిలా తిన్నగా ఉంటే అది వేరే పక్షి, ఈదేటప్పుడు ఒళ్ళంతా నీళ్ళలో ఉండి మెడ ఒక్కటే పైన కనబడుతుంది. దాన్ని ఇంగ్లిష్‌లో డార్టర్ అంటారు. మన చెరువుల్లో బాగానే ఉంది గానీ చాలామంది నీటికాకి కింద జమ కట్టేస్తారు.

గుడ్డికొంగ గురించి ఒక్క మాట. గట్టు పక్కన మట్టి రంగులో కలిసిపోయి కూర్చుంటుంది, అడుగు దూరంలోకి వెళ్ళేదాకా ఉన్నట్టే తెలియదు, ఎగిరేసరికి రెక్కలు పాలలా తెల్లగా ఉంటాయి. కూర్చున్నప్పుడు ఒక పక్షి, ఎగిరితే ఇంకో పక్షి అనుకుని రెండు పేర్లు రాసుకున్నవాళ్ళని చూశాను. అందుకే కొత్తల్లో ఒక పక్షిని చూడగానే పుస్తకంలోకి, ఫోన్‌లోకి తల దించొద్దంటాను. అది ఎగిరిపోయేదాకా దాన్నే చూడండి, పేరు ఎక్కడికీ పోదు.

సైజు చెప్పడానికి పిచ్చుక, గోరువంక, కాకి, గద్ద అన్న నాలుగు కొలతలు పెట్టుకోండి. "గోరువంక కన్నా చిన్నది, పిచ్చుక కన్నా పెద్దది, తోక ఊపుతూ నేల మీద నడుస్తోంది" అని మీరు చెప్తే నేను ఇక్కడ కూర్చుని రెండు మూడు పేర్లలోకి దింపగలను. "నీలంగా చాలా అందంగా ఉంది" అంటే పాలపిట్ట కావచ్చు, లకుముకి కావచ్చు, నీలిబొల్లికోడి కూడా కావచ్చు.

కాలం తెలియకుండా పక్షులు అర్థం కావు, అందులోనూ మన వైపు. మన పెద్ద వాన జూన్, జులైల్లో రాదు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో, తుపాన్లలో పడుతుంది. చెరువులు నిండేది అప్పుడే, కాబట్టి మన నీటి పక్షులు గూళ్ళు కట్టేది కూడా ఆ తర్వాతే. సరిగ్గా అదే సమయానికి ఉత్తరం నుంచి వలస పక్షులు దిగుతాయి. సూదితోక బాతులు, గార్గనీ బాతులు, బురదలో పరిగెత్తే చిన్న చిన్న ఉల్లంకులు వస్తాయి. ఆ ఉల్లంకుల్లో అతి చిన్నది పిచ్చుకంత ఉంటుంది, పాతిక ముప్పై గ్రాములు తూగుతుంది, అది గుడ్లు పెట్టేది ఆర్కిటిక్ ప్రాంతంలో. అంత దూరం ఎగిరొచ్చి అల్లూరు దగ్గర ఇసకపల్లి ఉప్పు మడుల్లో పురుగులు ఏరుకుంటుంది. మొదటిసారి ఆ సంగతి తెలిసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు, ఇప్పటికీ ప్రతి అక్టోబరులో వాటి కోసం ఎదురుచూస్తాను.

ఫిబ్రవరి దాటాక చెరువులో నీళ్ళు తగ్గుతాయి, చేపలన్నీ మిగిలిన మడుగులోకి చేరతాయి, పక్షులు కూడా అక్కడికే చేరతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇదే మంచి సమయం, అన్ని రకాలూ పక్కపక్కనే నిలబడి ఉంటాయి కాబట్టి సైజులు పోల్చుకోవచ్చు. ఏప్రిల్ వచ్చేసరికి వలస బాతులు వెళ్ళిపోతాయి, అప్పుడు పొలాల మీదికీ చెట్ల మీదికీ దృష్టి మళ్ళించండి. పసిరిక పిట్ట, పసులపోలిగాడు, కూకుడు గువ్వ, తీగల మీద పాలపిట్ట, కంచెల్లో కౌజు పిట్టలు ఉంటాయి. కొంచెం వానలు పడగానే గిజిగాళ్ళు ఈతచెట్లకీ తాటిచెట్లకీ గూళ్ళు అల్లడం మొదలుపెడతాయి, అల్లేది మగదే, ఆడది వచ్చి చూసుకుంటుంది. ఒక గూటి దగ్గర గంట సేపు కూర్చోండి చాలు.

ఎక్కడికి వెళ్ళాలి అన్నారు. మీ చెరువు కాస్త పట్టుబడ్డాక నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ ఒకే ప్రయాణంలో పెట్టుకోండి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అవి ఉండే దొరవారిసత్రం, సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి గానీ మనవాళ్ళకి అక్కడివి ఇప్పటికీ నెల్లూరు పక్షులే. నేలపట్టు చెరువులో నీళ్ళలోనే పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెడతాయి. మన దగ్గరుండే గూడబాతుకి ముక్కు మీద వరసగా మచ్చలు ఉంటాయి, ఒళ్ళు బూడిద తెలుపు. వాటితో పాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు అన్నీ ఒకే చెట్టు మీద అంతస్తులుగా ఉంటాయి. పిల్లలకి మేత కోసం పెద్దవి పులికాట్ దాకా వెళ్ళొస్తాయి, అంటే ఈ రెండు చోట్లూ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉన్నవే. పులికాట్‌లో చేప తగ్గితే నేలపట్టులో పిల్లలు పస్తుంటాయి. వాన సరిగ్గా పడని ఏడాది చెరువులో నీళ్ళు నిలవవు, చెట్ల కింద నీళ్ళు లేకపోతే గూళ్ళకి రక్షణ ఉండదు, చాలా పక్షులు గూడు కట్టకుండానే వెళ్ళిపోతాయి. కాబట్టి బయల్దేరే ముందు ఆ ఏడాది వాన ఎలా ఉందో కనుక్కోండి. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలలు బాగుంటాయి.

పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, కారు దిగకుండానే రాజహంసల్ని చూడొచ్చు. ఇక్కడ చాలామందికి ఒక నిరాశ ఎదురవుతుంది. తుపాను వాన పడి సరస్సు నిండుగా ఉందని సంబరంగా వెళ్తారు, ఒక్క రాజహంస కనబడదు. అవి లోతు నీళ్ళలో మేయలేవు, ముక్కు తలకిందులుగా నీళ్ళలో పెట్టి జల్లెడ పట్టినట్టు మేస్తాయి, కాలు ఆనాలి. నీళ్ళు దిగి అడుగు లోతుకి వచ్చిన చోటికే వస్తాయి, అందుకే జనవరి చివర, ఫిబ్రవరి నాటికి రోడ్డు దగ్గరికి చేరే అవకాశం ఎక్కువ. వాటిలో రెండు రకాలున్నాయి. పెద్ద రాజహంస ముక్కు లేత గులాబి, చివర మాత్రం నలుపు. చిన్న రాజహంస ముక్కు దూరానికి నల్లగా కనిపించేంత ముదురు ఎరుపు. బూడిద రంగులో మురికిగా కనబడేవి జబ్బు పక్షులు కావు, పిల్లలు, తిండి వల్ల గులాబి రంగు ఏళ్ళ మీద వస్తుంది.

ప్రకాశం వైపు బంధువులుంటే కంభం చెరువుకి తప్పకుండా వెళ్ళండి, గుండ్లకమ్మ మీద రాయల కాలం నాటి చెరువు అది, నీళ్ళున్న ఏడాది బాతులు బాగా దిగుతాయి. గిద్దలూరు, మార్కాపురం దాటితే నల్లమల. అక్కడి పక్షులు పూర్తిగా వేరు, కనబడటం కన్నా వినబడటం ఎక్కువ. అది పులుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్ళకండి. చెవికి కొంచెం అలవాటు అయ్యాక వెళ్తేనే ఆ అడవి మీకు ఏమైనా ఇస్తుంది.

సామాను గురించి. బైనాక్యులర్స్ మీద 8×42 అని రాసి ఉన్నది తీసుకోండి. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం ఎన్ని మిల్లీమీటర్లో. 10 రెట్లది ఇంకా మంచిదని షాపువాళ్ళు చెప్తారు గానీ కొత్తవాళ్ళ చేతిలో బొమ్మ వణుకుతుంది, కనబడే మేర కూడా తగ్గుతుంది. 20, 30 రెట్లు అని అమ్మే ఆటవస్తువుల జోలికి పోవద్దు. కెమెరా ఎందుకు వద్దన్నానంటే, కెమెరా చేతిలో ఉంటే ఫొటో రాగానే పని అయిపోయిందనిపిస్తుంది, ఆ పక్షి ఏం చేస్తోందో చూడాలనిపించదు. ఏడాది తర్వాత కొనండి, అప్పుడు దేన్ని ఎందుకు తీయాలో తెలిసి తీస్తారు.

యాప్‌ల విషయానికొస్తే, మెర్లిన్ అనే యాప్ అమెరికాలోని కార్నెల్ సంస్థది, ఉచితం, ఫొటో ఇచ్చినా కూత వినిపించినా పేర్లు సూచిస్తుంది. మీ అబ్బాయికి బాగా నచ్చుతుంది. వాడండి గానీ అది చెప్పింది సాక్ష్యం కాదు, సూచన మాత్రమే. పసులపోలిగాడు డేగలా కూస్తుంది, యాప్ డేగ అంటుంది, చెట్టు మీద చూస్తే పసులపోలిగాడే ఉంటుంది. కళ్ళతో చూడనిదాన్ని లిస్టులో రాయకపోవడం మొదట్నుంచీ అలవాటు చేయండి. చూసినవన్నీ ఈబర్డ్ అనే పక్షుల లెక్కల వెబ్‌సైట్‌లో ఎక్కించండి, అది కూడా అదే సంస్థది. మన పల్లె చెరువుల లెక్కలు చాలా తక్కువగా ఉన్నాయి అందులో, అందరూ పులికాట్, నేలపట్టు లెక్కలే ఎక్కిస్తారు. మీరు ఏడాది పాటు ఒక్క చెరువు లెక్క రాస్తే అది నిజంగా పనికొచ్చే సమాచారం. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల లెక్కింపు జరుగుతుంది, పదిహేను నిమిషాలు లెక్కపెట్టినా చాలు, అబ్బాయి చేత అది చేయించండి.

ఇంకొకటి, పుస్తకాల్లో దొరకనిది. మీ చెరువు మీద చేపలు పట్టే యానాదులతో, గొర్రెలు కాసేవాళ్ళతో కూర్చుని మాట్లాడండి. జెర్డన్ అనే ఆంగ్లేయ డాక్టరు 1840ల కాలంలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేస్తూ మన దేశపు పక్షుల గురించి రాశారు, ఇక్కడి జీవుల సంగతులు ఆయనకి చాలావరకు చెప్పింది యానాదులే. ఆయన పేరు మీదే శాస్త్రవేత్తలు పిలిచే కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్ళీ దొరికింది, దాన్ని పట్టి చూపించింది కూడా అక్కడి ఊరి మనిషే. మా నెల్లూరు వైపు చెరువుల మీద బతికే ఒక పెద్దాయన నీళ్ళ మీద అలికిడి విని బాతా బొల్లికోడా చెప్తాడు. నాకు తెలిసిన కూతల్లో చాలా ఆయన దగ్గర నేర్చుకున్నవే.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి, ఇవి మాత్రం గట్టిగానే చెప్తాను. గూటి దగ్గరికి వెళ్ళొద్దు. మీరు దగ్గరికి వెళ్ళగానే తల్లి లేస్తుంది, అది లేచిన రెండు నిమిషాల్లో కాకి గుడ్డు ఎత్తుకుపోతుంది. ఫోన్‌లో కూత పెట్టి పక్షిని పిలవొద్దు, ఇంకో మగది వచ్చిందనుకుని అది మేత మానేసి వెతుకుతుంది. గూటి ఫొటో, ఆ చోటు వివరాలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. రామచిలుకైనా గోరువంకైనా అడవి పక్షిని పట్టి పంజరంలో పెట్టడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, పెంచుకుందామని ఎవరైనా తెచ్చిస్తే వద్దనండి. పాత మేడల్లో తెల్ల ముఖం గుడ్లగూబ పిల్లలు కనబడితే చావుపిట్ట అని కొట్టి చంపుతారు, మీ ఊళ్ళో అలా జరిగితే అడ్డుపడండి. ఆ జత ఒక్కటి ఉంటే చుట్టూ పొలాల్లో ఎలుకల బెడద ఎంత తగ్గుతుందో రైతులకి చెప్పండి, వింటారు. నేను చెప్పిన చోట విన్నారు.

అక్టోబరు, నవంబరుల్లో ఒక్కోసారి పొట్టి తోక, ఆకుపచ్చ వీపు, తోక కింద ఎర్రగా ఉన్న చిన్న పిట్ట ఇంట్లోకి వచ్చి సొమ్మసిల్లి పడిపోతుంది. పొన్నంగి పిట్ట అది, ఉత్తరాది అడవుల నుంచి దక్షిణానికి రాత్రుళ్ళు ఎగురుతూ పోతుంది. నీళ్ళు నోట్లో పోయొద్దు, చేతిలో పెట్టుకుని ఫొటోలు దిగొద్దు. గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచి, సాయంత్రం చీకటి పడేవేళ చెట్ల దగ్గర మూత తీయండి. దెబ్బ తగిలి ఉంటే అటవీ శాఖ వాళ్ళకి చెప్పండి.

మీరు ప్రశ్న చివర "చెరువులో మోకాలి లోతు నీళ్ళలో ఎర్రటి పొడుగు కాళ్ళ మీద నడిచే నలుపు తెలుపు పిట్ట" అని రాశారు. మీ వర్ణన బాగుంది, అది నల్లరెక్కల ఉల్లంకి, అనుమానం లేదు. అదే పద్ధతిలో ఈ ఆదివారం కట్ట మీద కనబడినవాటిలో పేరు తెలియని ఒక మూడింటికి సైజు, ముక్కు, కాళ్ళు, అప్పుడు ఏం చేస్తోంది అన్నవి మీ అబ్బాయి చేత రాయించి ఇక్కడే పెట్టండి, ఫొటో లేకపోయినా ఫర్వాలేదు. నేను చూసి చెప్తాను.